పొదుగు కట్టిన మేక, చెరిపేసిన ఎర్రర్ కోడు



సావనీరులో జకాత్ లెక్కలు, స్కాలర్‌షిప్పుల వివరాలు, వైద్య సహాయం పద్దులు ఉంటాయి. ఈ పాఠం ఆ డబ్బు దానపు పెట్టెలోకి రాకముందు నడిచి వచ్చే దారి గురించి. మనలో బండ్ల వ్యాపారం చేసేవారు, షెడ్లు, ట్రావెల్స్, స్పేర్ పార్టుల దుకాణాలు నడిపేవారు ఎందరో ఉన్నారు. ఆ వ్యాపారంలో లేనివారు కూడా ఎప్పుడో ఒకప్పుడు పాత బండి అమ్మే ఉంటారు. కాబట్టి అందరికీ తెలిసిన ఉదాహరణే తీసుకుందాం: వాడిన లగ్జరీ ఎస్‌యూవీ, అందులో మళ్లీ మళ్లీ తిరగబెట్టే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ జబ్బు. పైకి కనిపించని ఐబు అంటే ఏమిటో ఇది బాగా చూపిస్తుంది.

1. చవకగా దొరికే ఖరీదైన బండి

ఢిల్లీ పరిసరాల్లో 10 ఏళ్లు దాటిన డీజిల్ బండ్లు, 15 ఏళ్లు దాటిన పెట్రోలు బండ్లు తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. 2018లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఆ తర్వాత అక్కడి పెద్ద బండ్లు ఎన్‌ఓసీతో ఇతర రాష్ట్రాలకు తరలాయి. మన హైదరాబాద్, విజయవాడ బజార్లలోనూ అవి కనిపిస్తాయి. కొత్తలో అరకోటి పలికిన బండి ఒక మామూలు కొత్త కారు ధరకే దొరుకుతుంది. బండి ధర పడిపోయినా దాని విడిభాగాల ధర పడిపోలేదన్న సంగతి కొన్నాకగాని తెలియదు.

ఈ బండ్లలో చాలావాటికి జర్మనీకి చెందిన జెడ్‌ఎఫ్ కంపెనీ తయారుచేసిన 6హెచ్‌పీ అనే ఆరు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉంటుంది. 2001లో బీఎండబ్ల్యూ 7 సిరీస్‌తో మొదలైన ఈ గేర్‌బాక్స్ తర్వాత ఎక్స్5, రేంజ్ రోవర్, ల్యాండ్ రోవర్ డిస్కవరీ 3 వంటి ఎస్‌యూవీలలోకి వచ్చింది. ఇది నాసిరకం వస్తువు కాదు. బాగా చూసుకుంటే లక్షల కిలోమీటర్లు నడుస్తుంది. చూసుకోకపోతే ఏమవుతుందన్నదే మనకు కావలసిన పాఠం.

2. గేర్‌బాక్స్ లోపల ఏముంది

మామూలు బండిలో క్లచ్ పెడల్ చేసే పనిని ఇందులో టార్క్ కన్వర్టర్ అనే గుండ్రటి పెట్టె చేస్తుంది. ఇంజను బలాన్ని ఆయిల్ ద్వారా గేర్లకు అందిస్తుంది. వేగం అందుకున్నాక లోపలి లాకప్ క్లచ్ పట్టుకుని, జారుడు లేకుండా నేరుగా కలుపుతుంది. గేర్లు మార్చడానికి లోపల మూడు క్లచ్‌లు, రెండు బ్రేకులు ఉంటాయి. వాటిని పట్టించేది, వదిలించేది ఆయిల్ ఒత్తిడే. ఆ ఒత్తిడిని ఎటు పంపాలో నిర్ణయించే కవాటాలు, సోలెనాయిడ్లు, చిన్న కంప్యూటరు అన్నీ ఒకే దిమ్మగా ఆయిల్‌లో మునిగి ఉంటాయి. దీన్నే మెకాట్రానిక్ అంటారు.

ఈ కంప్యూటరుకు ఒక తెలివి ఉంది. క్లచ్ పలకలు అరిగేకొద్దీ ఎంత ఒత్తిడి, ఎంతసేపు ఇవ్వాలో తనే నేర్చుకుని సర్దుకుంటుంది. దీన్ని అడాప్టేషన్ అంటారు. అందువల్ల అరుగుదల చాలాకాలం డ్రైవరుకు తెలియదు. సర్దుకునే హద్దు దాటిన రోజున మాత్రం జర్క్ మొదలవుతుంది.

3. జబ్బు ఎందుకు తిరగబెడుతుంది

మొదటి కారణం ఆయిల్. ఈ గేర్‌బాక్స్ ఆయిల్ జీవితకాలం మార్చక్కర్లేదని బండ్ల కంపెనీలు చెప్పాయి. గేర్‌బాక్స్ తయారుచేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా 8 ఏళ్లకు, మార్చమని సలహా ఇచ్చింది. మొదటి యజమాని కంపెనీ మాట విని వదిలేస్తాడు. రెండో యజమాని అదే నమ్ముతాడు. మూడో యజమాని చేతికి వచ్చేసరికి ఆయిల్ నల్లబడి, అరిగిన పలకల పొడి అందులో కలిసి ఉంటుంది.

రెండో కారణం సీళ్లు. మెకాట్రానిక్‌కు కరెంటు కనెక్షను వెళ్లే చోట ఒక ప్లాస్టిక్ స్లీవ్, గేర్‌బాక్స్ ఒంటికి దాన్ని కలిపేచోట రబ్బరు సీలు ఉంటాయి. వేడికి ఇవి గట్టిపడి కారుతాయి. ఆయిల్ తగ్గితే ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడి తగ్గితే క్లచ్ జారుతుంది, జారితే కాలుతుంది.

మూడో కారణం సగం వైద్యం. కింది పాన్ విప్పి ఆయిల్ దింపితే అంతా దిగదు. కన్వర్టర్‌లోనూ కూలర్ గొట్టాల్లోనూ పాత ఆయిల్ మిగిలిపోతుంది. ఒక సోలెనాయిడ్ మార్చినా, కవాటం తిరిగే రంధ్రం అరిగి ఉంటే కొత్త సోలెనాయిడ్ ఏమీ చేయలేదు. పైగా ఇందులో ఆయిల్ మట్టం చూసే పుల్ల లేదు. ఇంజను ఆన్‌లో ఉంచి, ఆయిల్ 30 నుంచి 50 డిగ్రీల వేడి మధ్య ఉన్నప్పుడు పక్కనున్న బిరడా తీసి చూడాలి. ఆ వేడి లెక్క పాటించకుండా పోస్తే మట్టం తప్పుతుంది. పదిరోజులకు జబ్బు మళ్లీ వస్తుంది.

అన్నిటికీ గేర్‌బాక్సే దోషి అనుకోవడమూ తప్పే. బలహీనమైన బ్యాటరీ వల్ల కూడా కంప్యూటరు తప్పుడు కోడ్లు చూపించవచ్చు. పరీక్షించకుండా బండికి ఐబు అంటగట్టడం అమ్మేవాడికి చేసే అన్యాయం.

4. దాచే పద్ధతి

ఈ జబ్బు గుణం ఏమిటంటే, చల్లగా ఉన్నప్పుడు చాలాసార్లు దాక్కుంటుంది. ముప్పావు గంట ట్రాఫిక్‌లో తిరిగి ఆయిల్ పలచబడ్డాక బయటపడుతుంది. ఆగేముందు రెండో గేరు నుంచి మొదటి గేరుకు దిగేటప్పుడు వెనకనుంచి తన్నినట్టు ఉంటుంది. నిలకడ వేగంలో వెళ్తున్నప్పుడు రాళ్ల రోడ్డు మీద పోతున్నట్టు వణుకు వస్తుంది. ముదిరితే డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక వెలిగి, బండి ఒకే గేరులో ఇరుక్కుపోతుంది. మెకానిక్కులు దీన్ని లింప్ మోడ్ అంటారు.

ఇది తెలిసిన అమ్మకందారుకు దాచడం తేలిక. స్కానర్ తగిలించి కోడ్లు చెరిపేస్తే దీపం ఆరిపోతుంది. అడాప్టేషన్ రీసెట్ చేస్తే కొన్నాళ్లు గేర్లు మెత్తగా పడవచ్చు. పొద్దున్నే చల్లటి బండి చూపించి, కాలనీలో రెండు వీధులు తిప్పి, బయానా తీసుకోవచ్చు. అతడు ఒక్క అబద్ధం కూడా ఆడి ఉండకపోవచ్చు.

5. పొదుగు కట్టిన మేక

సరిగ్గా ఇలాంటి పనినే దైవప్రవక్త (స) పేరుపెట్టి నిషేధించారు. అరబ్బు సంతల్లో మేకను, ఒంటెను అమ్మేముందు రెండు మూడు రోజులు పాలు పిండకుండా పొదుగు కట్టేసేవారు. నిండిన పొదుగు చూసి కొనేవాడు మోసపోయేవాడు. ఇంటికి తీసుకెళ్లి పిండాకగాని అసలు పాలెన్నో తెలిసేవి కావు. ఇలా కట్టిన జంతువును ముసర్రాత్ అంటారు. అలా చేయవద్దని ప్రవక్త (స) ఆదేశించారు. కొన్నవాడు పిండి చూశాక ఇష్టమైతే ఉంచుకోవచ్చని, లేదంటే ఒక సా ఖర్జూరంతో పాటు తిరిగి ఇచ్చేయవచ్చని చెప్పారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ హదీసు ఉంది. మూడు రోజుల గడువు కూడా కొన్ని ఉల్లేఖనాల్లో కనిపిస్తుంది.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఉంది. పొదుగు కట్టినవాడు నోరు విప్పి అబద్ధం చెప్పలేదు. వస్తువు చేతనే అబద్ధం చెప్పించాడు. కోడు చెరిపేసిన బండి కూడా అంతే.

మదీనా బజారులో ధాన్యపు రాశి సంఘటన మనందరికీ తెలుసు. ప్రవక్త (స) రాశిలో చేయి పెడితే లోపల తడి తగిలింది. వాన పడి తడిసిందని వ్యాపారి చెప్పాడు. తడిసిన ధాన్యం జనానికి కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన అడిగారు. మోసం చేసేవాడికి తనతో సంబంధం లేదని హెచ్చరించారు. తడవడం నేరం కాదు, వాన ఎవరి చేతిలోనూ లేదు. తడిసింది కింద పెట్టి, పొడిది పైన పెట్టడమే నేరం. గేర్‌బాక్స్ అరగడం కూడా నేరం కాదు.

6. "ఉన్నదున్నట్టు" అని రాసుకుంటే సరిపోతుందా?

చాలా ఒప్పంద కాగితాల్లో, బండిని ఉన్నదున్నట్టు కొంటున్నాను, తర్వాత అభ్యంతరం లేదు అని రాయించుకుంటారు. హనఫీ ఫిఖహ్‌లో అన్ని ఐబుల నుంచి బాధ్యత లేదనే షరతుతో అమ్మకం చెల్లుతుంది. ఇతర మజ్‌హబ్‌లు దీన్ని ఇంకా కుదించాయి. షరతు చెల్లినంతమాత్రాన తెలిసి దాచిన పాపం పోదు.

ఇమామ్ మాలిక్ ముఅత్తాలో ఒక వ్యాజ్యం ఉంది. ఆ కాలపు ఆచారం ప్రకారం అబ్దుల్లాహ్ ఇబ్నె ఉమర్ (రజి) ఇలాంటి షరతుతోనే ఒక బానిసను 800 దిర్హమ్‌లకు అమ్మారు. కొన్నవారు ఐబు ఉందంటూ ఖలీఫా ఉస్మాన్ (రజి) దగ్గరకు వెళ్లారు. అమ్మేనాటికి ఆ ఐబు తెలియదని ప్రమాణం చేయమని ఖలీఫా అడిగారు. ఇబ్నె ఉమర్ ప్రమాణం చేయడానికి ఇష్టపడక తిరిగి తీసుకున్నారు. తర్వాత ఆ మనిషి కోలుకోగా 1500 దిర్హమ్‌లకు అమ్మారు. ఖలీఫా తీర్పు షరతు కాగితం మీద కాదు, అమ్మినవాడికి ఏం తెలుసు అన్న ప్రశ్న మీద నిలబడింది.

షరతు లేని మామూలు అమ్మకంలో కొన్నవారికి ఖియారుల్ ఐబ్ అనే హక్కు ఉంది. అమ్మకానికి ముందే ఉన్న ఐబు, కొన్నవాడికి తెలియనిది, తర్వాత బయటపడితే వస్తువు తిరిగి ఇచ్చి పూర్తి ధర తీసుకోవచ్చు. తెలిశాక కూడా యజమానిలా వాడుకుంటూ పోతే ఆ హక్కు పోతుంది. మన దేశ చట్టం కూడా దీనికి దూరంగా లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ ప్రకారం, తెలిసిన విషయాన్ని క్రియాశీలంగా కప్పిపుచ్చడం మోసం. ఊరికే మౌనంగా ఉండటాన్ని చట్టం చాలా సందర్భాల్లో వదిలేస్తుంది. షరీఅత్ ఆ మౌనాన్నీ వదలదు. లోపమున్న వస్తువును చెప్పకుండా అమ్మడం ముస్లింకు ధర్మసమ్మతం కాదని ఇబ్నె మాజాలోని హదీసు చెబుతుంది.

7. కొనేవారు, అమ్మేవారు చేయవలసినవి

కొనేవారు చల్లటి ఇంజనుతో మొదలుపెట్టి కనీసం గంటసేపు, ట్రాఫిక్‌లోనూ హైవే మీదా నడిపి చూడాలి. నడపకముందు, నడిపాక రెండుసార్లు స్కాన్ చేయించాలి. ఏ కోడూ లేకుండా మరీ శుభ్రంగా ఉంటే, ఎప్పుడు చెరిపారని అడగాలి. ఆయిల్ మార్చిన బిల్లు చూడాలి. బండి కింద తడి ఉందేమో చూడాలి. షోరూమ్ రికార్డు తెప్పించుకోవాలి.

అమ్మేవారు చేయాల్సింది ఒకటే. తెలిసింది చెప్పాలి, కాగితం మీద రాయాలి: జర్క్ ఎప్పుడు వస్తుంది, ఏ షెడ్డులో ఏం మార్చారు, మళ్లీ ఎప్పుడు వచ్చింది. ధర తగ్గుతుంది, నిజమే. కానీ కొనేవాడు, అమ్మేవాడు నిజం చెప్పి లోపాలు విప్పి చూపిస్తే ఆ బేరంలో బర్కత్ ఉంటుందని, దాచి అబద్ధమాడితే బర్కత్ తుడిచిపెట్టుకుపోతుందని హకీమ్ ఇబ్నె హిజామ్ (రజి) ఉల్లేఖించిన హదీసు మనకు భరోసా ఇస్తోంది. తగ్గిన ధర లెక్కలో కనిపిస్తుంది. పోయిన బర్కత్ లెక్కలో కనిపించదు.

8. దాతలకు రెండు మాటలు

మొదటిది, అమ్మిన డబ్బు దానం చేయడం గురించి. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) కూఫాలో బట్టల వ్యాపారి. లోపమున్న ఒక వస్త్రాన్ని భాగస్వామికి అప్పగించి, లోపం చెప్పి అమ్మమన్నారు. ఆయన మరచిపోయి అమ్మేశాడు. కొన్నవారెవరో తెలియలేదు. ఇమామ్ ఆ సొమ్మంతా దానం చేశారని ఆయన చరిత్ర రాసినవారు చెబుతారు. అది పుణ్యం పెంచుకోవడానికి ఇచ్చింది కాదు, చేతికి అంటినది కడుక్కోవడానికి ఇచ్చింది. కొన్నవారు తెలిసి ఉంటే వారి డబ్బు వారికే చేరాలి. దాచి అమ్మిన బండి లాభంలోంచి దానం చేసి సరిపెట్టుకోలేం.

రెండోది, బండినే దానంగా ఇవ్వడం గురించి. సేవా సంస్థలకు కొందరు పాత బండ్లు ఇస్తుంటారు. ఉద్దేశం మంచిదే. కానీ గేర్‌బాక్స్ ఐబున్న లగ్జరీ బండి సంస్థ వాకిట్లోకి వస్తే దాని రిపేరు ఖర్చు ఎవరిది? మందులకు, ఫీజులకు వచ్చిన డబ్బుది. రోగిని ఎక్కించుకుని వెళ్తూ నడిరోడ్డు మీద ఒకే గేరులో ఇరుక్కుంటే నష్టం ఎవరిది? మదీనాలో అన్సార్లు పేదల కోసం మస్జిదులో ఖర్జూరపు గెలలు వేలాడదీసేవారు. కొందరు ఎండిన, నాసిరకం గెలలు తెచ్చి కట్టారు. అప్పుడే అల్ బఖరా సూరా 267వ ఆయతు అవతరించిందని తిర్మిజీ ఉల్లేఖనం తెలుపుతోంది. మనకు ఎవరైనా ఇస్తే కళ్లు మూసుకుంటే తప్ప తీసుకోలేని వస్తువును దానానికి ఏరకూడదన్నది దాని సారం.

కాబట్టి బండి ఇవ్వదలచినవారు దాని జబ్బు చెప్పి ఇవ్వండి. లేదా లోపం చెప్పి మీరే అమ్మి, వచ్చిన మొత్తం ఇవ్వండి. జకాత్ కింద లెక్క వేసుకునేవారు, ఐబు తెలిసిన కొనుగోలుదారు ఇచ్చే ధరే దాని విలువ అని గుర్తుంచుకోండి. సంస్థకు ఇచ్చిన వాహనం జకాత్ అవుతుందా, సదఖా అవుతుందా అన్నది ముందుగా ఉలమాను అడగండి. సంస్థ బాధ్యులు కూడా, వచ్చిన ప్రతి బండినీ మెకానిక్‌కు చూపించాకే స్వీకరించాలి. వద్దనాల్సి వస్తే మర్యాదగా వద్దనాలి.

మన బేరాల్లో నిజాయితీని, మన దానాల్లో స్వచ్ఛతను, మన సంపాదనలో బర్కత్‌ను అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.