రోగనిరోధక శక్తి తగ్గిన రోగి: నర్సింగ్ సేవలు

(స్టాఫ్ నర్స్, నర్సింగ్ ఆఫీసర్ పరీక్షల ప్రత్యేకం)

కీమోథెరపీతో తెల్ల రక్తకణాలు పడిపోయిన రోగిలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా చీము, వాపు పెద్దగా కనిపించవు. చాలాసార్లు జ్వరమే ఏకైక హెచ్చరిక. దాన్ని ముందుగా పసిగట్టే నర్సు వల్లే ప్రాణం నిలుస్తుంది.

న్యూట్రోపీనియా

• మైక్రోలీటరు రక్తంలో న్యూట్రోఫిల్స్ 1,500 కంటే తగ్గితే న్యూట్రోపీనియా. 500 కంటే తగ్గితే తీవ్ర స్థాయి.
• జ్వరం ఒక్కసారి 38.3 డిగ్రీల సెల్సియస్‌కు చేరినా, గంటపాటు 38 డిగ్రీలు ఉన్నా అత్యవసర స్థితే. బ్లడ్ కల్చర్‌కు నమూనా తీసి, గంటలోపు యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి.
• మలద్వారం ద్వారా ఉష్ణోగ్రత చూడకూడదు, ఎనిమా ఇవ్వకూడదు. లోపలి పొర చిట్లితే పేగుల్లోని బ్యాక్టీరియా రక్తంలో కలుస్తుంది.
• చేతుల శుభ్రత: సబ్బుతో 40–60 సెకన్లు, ఆల్కహాల్ రబ్‌తో 20–30 సెకన్లు.

ఇతర సమస్యలు

• అనాఫిలాక్సిస్: తొలి మందు అడ్రినలిన్. పెద్దలకు 0.5 మిల్లీగ్రాములు, తొడ వెలుపలి కండరంలోకి.
• లూపస్: ఎండ తగిలితే వ్యాధి తిరగబెడుతుంది. నిండుగా దుస్తులు, సన్‌స్క్రీన్ వాడమని రోగికి చెప్పాలి.
• హెచ్ఐవీ: సూది గుచ్చుకుంటే గాయాన్ని పిండకుండా సబ్బు నీళ్లతో కడగాలి. నివారణ మందులు వీలైనంత త్వరగా, 72 గంటలలోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి.

మాదిరి ప్రశ్న

తీవ్ర రోగనిరోధక లోపం ఉన్నవారికి ఇవ్వకూడని టీకా?
1) హెపటైటిస్-బి 2) టెటనస్ 3) బీసీజీ 4) రేబిస్

జవాబు: 3. బీసీజీలో బలహీనపరిచిన సజీవ బ్యాక్టీరియా ఉంటుంది. వీరిలో అదే వ్యాధికి దారితీయవచ్చు.