ఒళ్ళంతా నొప్పి: రోగనిర్ణయము

భద్రాచలం అడవి అంచు పల్లెలలో వేసవి వచ్చినచో తునికాకు పని. రోజంతా వంగి ఆకు కోసి, యాభై ఆకులకొక కట్ట కట్టి కల్లమునకు చేర్చిన స్త్రీకి ఒళ్ళు నొప్పులు సహజమే. విశ్రాంతితో అవి తీరును. వానలు కురిసి నాట్లు ముగిసినను తీరని నొప్పిని ఏమనవలెను?

మూడు నెలలు దాటినచో అది దీర్ఘకాలికము. నడుమునకు పైనా క్రిందా, కుడి ఎడమల, వెన్నెముక వెంట కూడ ఉన్నచో విస్తృతము. 1990లో అమెరికా కీళ్ళవ్యాధుల వైద్యసంస్థ ఈ నిర్వచనముతో పాటు ఫైబ్రోమయాల్జియాకు ఒక పరీక్ష విధించినది: నిర్ణీతమైన 18 చోట్ల సుమారు 4 కిలోల ఒత్తిడితో నొక్కగా కనీసము 11 చోట్ల నొప్పి కలుగవలెను. 2010లో ఆ సంస్థయే ఈ నొక్కుడు లెక్కను విడిచి, నొప్పిగల భాగములతో పాటు అలసటను, సేద తీర్చని నిద్రను, మతిమరుపును లెక్కించినది. వైద్యుని వ్రేలికన్న చెవికి పని హెచ్చినదన్నమాట!

ఈ వ్యాధిని రక్తపరీక్షగాని ఎక్స్‌రేగాని చూపజాలవు. థైరాయిడ్ లోపము, డి విటమిన్ లోపము, కీళ్ళవాతము వంటివి కావని తేల్చుకొనుటకే అవి. చికున్‌గున్యా జ్వరము, ఫ్లోరైడ్ నీరు సంగతి కూడ అడుగవలెను. కోయపల్లెలో ఆ ప్రశ్నలు కోయభాషలో అడిగినపుడే జవాబు తిన్నగా వచ్చును.