ఆరోగ్య ప్రశ్నోత్తరాలు: మీరు ఎన్నింటికి తింటున్నారు?

ప్ర: అన్నం మానేసి జొన్నరొట్టె తింటున్నా. మూడు నెలలైనా కిలో తగ్గలేదు. నాకు రొట్టె పడదా? – దుబ్బాక

జ: పడుతుంది. ఎన్ని తింటున్నారో మాత్రం రాయలేదు. వంద గ్రాముల బియ్యమైనా, జొన్నలైనా 350 కేలరీలకు అటూఇటూనే. రెండు రొట్టెలు చాలు, కూర ఎక్కువ వేసుకోండి. రొట్టెల మీద మళ్లీ పెరుగన్నం వద్దు.

ప్ర: నలుగురం రోజూ కోమటిచెరువు దగ్గర ముప్పావుగంట నడుస్తాం. పొట్ట తగ్గదేం? – సిద్దిపేట

జ: నడక అయ్యాక నలుగురూ ఎక్కడ కూర్చుంటున్నారు? పూరీ ప్లేటు ముందే అయితే, నడిచి ఖర్చుపెట్టింది అక్కడే తిరిగొచ్చేస్తుంది. నడక మానకండి. టిఫిను ఇంట్లో తినండి.

ప్ర: నాకు 38 ఏళ్లు. ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. కడుపునిండా తినేది ఒక్కపూటే. నీళ్లు తాగినా లావయ్యే ఒళ్లేమో! ఏదైనా పొడి చెప్పండి. ఇంట్లో అందరూ తిన్నాక నేను తినేసరికి రాత్రి పది దాటుతుంది. – ఒక సోదరి, చేర్యాల

జ: అమ్మా, మీరు చివర్న రాసిన మాటతోనే మొదలుపెడతాను. పొద్దున చాయ్‌తో సరి. మధ్యాహ్నం పని మధ్యలో ఏదో ఇంత. రాత్రి పదింటికి పిల్లలు వదిలేసిన ముద్ద, గిన్నె అడుగున మిగిలిన కూర పారేయలేక మీరే తింటారు. నా ఊహ తప్పైతే మన్నించండి, ఓపీలో రోజూ వినే కథే ఇది. నీళ్లతో ఎవరూ లావెక్కరు. పగలంతా నొక్కిపెట్టిన ఆకలి రాత్రి లెక్క చూడనివ్వదు. పొద్దున ఏదైనా తినండి, రాత్రి ఎనిమిదింటికి పిల్లలతోపాటు కూర్చోండి. రేపటినుంచి గ్లాసు బియ్యం తక్కువ పోయండి, మిగలదు. థైరాయిడ్ పరీక్ష ఒకసారి చేయించుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో తెలంగాణ ఆడవాళ్లలో దాదాపు 30 శాతం మందికి అధిక బరువు ఉంది, మీరొక్కరే అన్నట్టు కుంగిపోకండి. పొడి రాయను. ఈ జవాబు మీ ఆయనతో చదివించండి.

ప్ర: వయసు 49, బరువు 96. షుగర్‌కు గ్లిమెపిరైడ్ వాడుతున్నా. ఫోన్‌లో వీడియోలు చూసి ఒక్కపూటే తింటున్నా, 5 కిలోలు తగ్గిన. మాఘంలో బిడ్డ పెళ్లి. సన్నబడే ఇంజెక్షన్ కూడా వేసుకోవచ్చా? మధ్యాహ్నం కొద్దిగా చెమటలు, వణుకు. – గజ్వేల్

జ: చెమటల సంగతి ఆఖర్న, అదీ ‘కొద్దిగా’ అని రాస్తారా! గ్లిమెపిరైడ్ మీరు తిన్నారా లేదా అని చూడదు, షుగర్‌ను దించుతూనే పోతుంది. బండి నడుపుతుండగా స్పృహ తప్పితే ఆ వీడియోలో మాట్లాడినాయన వచ్చి లేపుతాడా? ఆయనకు మీ మాత్ర పేరైనా తెలియదు. పోయిన 5 కిలోల్లో నీరెంతో, కండెంతో కూడా చెప్పడు. ఇక ఇంజెక్షన్. బరువు తగ్గించే టిర్జెపటైడ్, సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్లు 2025లో మన దేశానికి వచ్చాయి. మంచి మందులే, తగినవాళ్లకు నేనూ రాస్తాను. కానీ మీ మాత్ర మోతాదు తగ్గించకుండా వాటిని కలిపితే షుగర్ ఇంకా పడిపోవచ్చు. క్లోమం వాపు వచ్చినవాళ్లు ముందే చెప్పాలి. ఆపేస్తే చాలామందికి బరువు మళ్లీ వస్తుంది. మెడికల్ షాపులో అడిగి పొడిపించుకునేవి కావు. పెళ్లి ఫొటోలో లావుగా పడతానని మీ దిగులు, తెలుస్తూనే ఉంది. బిడ్డకు కావాల్సింది పీటల దగ్గర నిలబడగలిగే నాయన. ఈ రోజే మూడు పూటలా తినడం మొదలుపెట్టండి. రేపు పొద్దున్నే మీ డాక్టరు దగ్గరికి వెళ్లండి, జేబులో గ్లూకోజ్ పొట్లం పెట్టుకుని.