ఆంఫోటెరిసిన్-బి: ఫంగస్‌కు మందు, కిడ్నీకి ముప్పు

2021 మేలో బ్లాక్ ఫంగస్ (మ్యూకర్‌మైకోసిస్) విజృంభించినప్పుడు రోగుల బంధువులు ఈ ఇంజెక్షన్ కోసం ఊళ్లన్నీ తిరిగారు. ఆ నెలలోనే కేంద్రం సూచనతో రాష్ట్రాలు 1897 నాటి అంటువ్యాధుల చట్టం కింద మ్యూకర్‌మైకోసిస్‌ను నోటిఫై చేశాయి.

మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ నోడోసస్ అనే బ్యాక్టీరియా నుంచి 1950లలో ఈ మందును వేరుచేశారు. ఇది ఫంగస్ కణత్వచంలోని ఎర్గోస్టెరాల్‌కు అతుక్కుని దాన్ని దెబ్బతీస్తుంది. మన కణాల్లోని కొలెస్టెరాల్ కూడా అదే కోవకు చెందిన పదార్థం. చిక్కంతా ఇక్కడే. మందు కిడ్నీ నాళికల కణాలనూ గాయపరుస్తుంది, కిడ్నీకి రక్తం తెచ్చే సన్నని ధమనులను కుంచింపజేస్తుంది. దాంతో రక్తంలో క్రియాటినిన్ పెరుగుతుంది. పొటాషియం, మెగ్నీషియం మూత్రంలో పోతాయి. పొటాషియం మరీ పడిపోతే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. అందుకే చికిత్స సాగినన్నాళ్లూ రక్తపరీక్షలు తప్పనిసరి. ముందుగా సెలైన్ ఎక్కిస్తే కిడ్నీకి కొంత రక్షణ.

కొవ్వు పొరలో మందును పొదిగిన లైపోసోమల్ రకంతో ఈ హాని బాగా తగ్గుతుంది, ధర మాత్రం చాలా ఎక్కువ.

పరీక్షలు రాసే అభ్యర్థులు ఒకటి గుర్తుంచుకోవాలి: కాలా అజార్‌కూ ఇదే మందు వాడతారు, కానీ ఆ వ్యాధికారకం ఫంగస్ కాదు, లీష్మానియా అనే ప్రోటోజోవా.