సరిహద్దు దాటిన బిడ్డ: అంతర్జాతీయ కుటుంబ న్యాయంపై అవగాహన

గోదావరిఖనిలో మూడు షిఫ్టులూ బొగ్గు బావిలో కష్టపడి పిల్లల్ని ఇంజినీరింగ్ చదివించిన సింగరేణి కార్మికులు ఎందరో. ఆ పిల్లల్లో చాలామంది ఇప్పుడు అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో ఉన్నారు. వేసవి వస్తే మనవలూ మనవరాళ్లూ క్వార్టర్లలో దిగుతారు. అలా వచ్చిన ఒక ఐదేళ్ల పాప ఈసారి తిరిగి వెళ్లలేదనుకుందాం. తల్లిదండ్రులకు అమెరికాలో పొసగలేదు. తల్లి పాపను తీసుకుని యైటింక్లైన్ కాలనీలోని పుట్టింటికి వచ్చేసింది. పాపను వెనక్కి పంపాలని తండ్రి అక్కడి కోర్టులో ఉత్తర్వు తెచ్చుకున్నాడు.

ఇది ఊహించిన ఉదాహరణే. కానీ ఇలాంటి తెలుగు కుటుంబాల తగాదాలు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. గ్రూప్-1 మెయిన్స్, సివిల్స్, న్యాయ పరీక్షలు రాసేవారు ఈ అంశాన్ని రాజ్యాంగం, అంతర్జాతీయ ఒప్పందాలు, మహిళా శిశు సంక్షేమం అనే మూడు కోణాల్లో చదువుకోవాలి. న్యాయవాద వృత్తిలోకి రావాలనుకునే మన ప్రాంత విద్యార్థులకు ఇదొక మంచి ఉపాధి మార్గం కూడా.

మూల ప్రశ్న ఏమిటి?

ఈ కేసుల్లో రెండు ప్రశ్నలుంటాయి. ఒకటి, బిడ్డ సంరక్షణను ఏ దేశపు కోర్టు తేల్చాలి? రెండు, బిడ్డ ఎవరి దగ్గర పెరగాలి? అంతర్జాతీయ ఒప్పందం జవాబిచ్చేది మొదటిదానికి మాత్రమే. రెండో ప్రశ్న కుటుంబ కోర్టుది. ఈ రెంటినీ కలగలిపి రాస్తే జవాబు గాడి తప్పుతుంది.

‘బాలల అపహరణ’ అనే మాట వినగానే ఎవరో పరాయి వ్యక్తి ఎత్తుకుపోయాడనిపిస్తుంది. ఇక్కడ అపహరించారనే నింద పడేది కన్నతల్లి మీదో, కన్నతండ్రి మీదో. అందుకే మన లా కమిషన్ 2016 నివేదికలో ‘అపహరణ’కు బదులు ‘తరలింపు, నిలుపుదల’ అనే పదాలు వాడింది.

హేగ్ ఒప్పందం: ముఖ్యాంశాలు

అంతర్జాతీయ బాలల అపహరణకు సంబంధించిన సివిల్ అంశాలపై హేగ్ ఒప్పందం 1980 అక్టోబరు 25న కుదిరి, 1983 డిసెంబరు 1న అమల్లోకి వచ్చింది. 100కు పైగా దేశాలు ఇందులో ఉన్నాయి. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, సింగపూర్, జపాన్‌తో పాటు మన పొరుగున ఉన్న శ్రీలంక, పాకిస్థాన్ కూడా చేరాయి. భారత్ చేరలేదు.

- 16 ఏళ్లలోపు పిల్లలకే ఇది వర్తిస్తుంది.
- బిడ్డ అప్పటిదాకా స్థిరంగా పెరుగుతున్న దేశమే కీలకం. పౌరసత్వం కాదు.
- సంరక్షణ హక్కును ఉల్లంఘించి తీసుకెళ్లినా, సెలవులకని తెచ్చి ఉంచేసుకున్నా తప్పే (అధికరణం 3).
- ఆరు వారాల్లో నిర్ణయం రాకపోతే ఆలస్యానికి కారణం అడగవచ్చు (అధికరణం 11).
- ఏడాదిలోపు దరఖాస్తు చేస్తే వెంటనే తిరిగి పంపాలి. ఏడాది దాటి, బిడ్డ కొత్తచోట కుదురుకుందని తేలితే పంపకపోవచ్చు (అధికరణం 12).
- పంపితే బిడ్డకు తీవ్రమైన శారీరక, మానసిక ప్రమాదం ఉందని రుజువైనా, తగిన వయసొచ్చిన బిడ్డ వెళ్లనని చెప్పినా కోర్టు నిరాకరించవచ్చు (అధికరణం 13).
- తిరిగి పంపమన్నంత మాత్రాన సంరక్షణ హక్కు తేలినట్టు కాదు (అధికరణం 19).

ప్రతి సభ్యదేశం ఒక కేంద్రీయ ప్రాధికార సంస్థను పెట్టుకోవాలి. బిడ్డ జాడ తీయడం, రాజీకి ప్రయత్నించడం, కోర్టు ప్రక్రియకు తోడ్పడటం దాని పని.

భారత్ ఎందుకు చేరలేదు?

ఒప్పందంలో చేరాలని 2009లో 218వ లా కమిషన్ నివేదిక సిఫారసు చేసింది. 2016లో మహిళా శిశు అభివృద్ధి శాఖ ముసాయిదా బిల్లును ప్రజాభిప్రాయానికి పెట్టింది. అదే ఏడాది 263వ నివేదికలో లా కమిషన్ సవరించిన బిల్లును ఇచ్చింది. 2017లో జస్టిస్ రాజేశ్ బిందల్ నేతృత్వంలో ఏర్పడిన కమిటీ 2018లో నివేదిక సమర్పించింది. ఇలాంటి తగాదాల పరిష్కారానికి దేశంలోనే ప్రత్యేక ప్రాధికార సంస్థ ఉండాలని అది సూచించింది. అయినా ప్రత్యేక చట్టం రాలేదు.

చేరవద్దనేవారి వాదన బలమైనదే. పరాయి దేశంలో దెబ్బలు తిని, వీసా భర్త చేతిలో ఉండి, చేతిలో డబ్బు లేక బిడ్డతో పుట్టింటికి చేరిన తల్లిని ఒప్పందం ‘అపహరించిన వ్యక్తి’గా చూస్తుంది. గృహహింసను అది పేరుపెట్టి ప్రస్తావించదు. ఒప్పందం రాసిన రోజుల్లో తండ్రి ఎత్తుకుపోవడమే ప్రధాన సమస్య అనుకున్నారు. తర్వాత చూస్తే, తీసుకెళ్లేవారిలో ఎక్కువమంది తల్లులే.

చేరాలనేవారి వాదననూ కొట్టిపారేయలేం. ఇక్కడి నుంచి బిడ్డను విదేశానికి తీసుకుపోయిన సందర్భంలో మన తల్లిదండ్రులకు ఒప్పందం అండ దొరకడం లేదు. అమెరికా 2014లో తెచ్చిన గోల్డ్‌మన్ చట్టం కింద వెలువడే వార్షిక నివేదికల్లో భారత్ పదేపదే సహకరించని దేశాల జాబితాకెక్కింది. ఒక్కో కోర్టు ఒక్కోలా తీర్పిస్తుంటే కుటుంబాలు ఏళ్ల తరబడి నలిగిపోతున్నాయి.

హింసకు గురైన తల్లికి స్పష్టమైన రక్షణలు రాసిపెట్టిన సొంత చట్టం మనకు కావాలని ఈ వ్యాసకర్త గట్టి నమ్మకం. చట్టం లేకపోవడం తల్లిని కాపాడటం లేదు. ఎటూ తేలని స్థితిలో ఆమెనూ నిలబెడుతోంది.

మన దగ్గరున్న చట్టాలు

- సంరక్షకులు, ఆశ్రితుల చట్టం, 1890: సెక్షన్ 9 ప్రకారం బిడ్డ ‘సాధారణంగా నివసించే’ చోటి కోర్టుకే అధికారం. ఫ్యామిలీ కోర్టు ఉన్నచోట అది, లేనిచోట జిల్లా కోర్టు విచారిస్తుంది.
- హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం, 1956: ఐదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలి (సెక్షన్ 6). బిడ్డ సంక్షేమమే అన్నిటికన్నా ముఖ్యం (సెక్షన్ 13).
- సివిల్ ప్రొసీజర్ కోడ్, సెక్షన్ 13: విదేశీ తీర్పును ఎప్పుడు అంగీకరించనక్కర్లేదో చెబుతుంది.
- రాజ్యాంగం, అధికరణం 226: హైకోర్టులో హెబియస్ కార్పస్ రిట్. ఆచరణలో ఈ కేసుల్లో ఎక్కువ వాడుకలో ఉన్న దారి ఇదే.
- బాలల హక్కుల ఐరాస ఒప్పందం, 1989: భారత్ 1992లో చేరింది. పిల్లల్ని అక్రమంగా విదేశాలకు తరలించడాన్ని అరికట్టాలని అధికరణం 11 చెబుతోంది.

తీర్పుల క్రమం: కాలమే కీలకం

ఈ సుప్రీంకోర్టు తీర్పుల్ని జాబితాలా బట్టీ పట్టకండి. ప్రతి కేసులోనూ బిడ్డ ఇక్కడికొచ్చి ఎంతకాలమైందో చూడండి. అప్పుడు వాటి మధ్య వైరుధ్యం చాలావరకు విడిపోతుంది.

*సంధు కేసు (1984):* దంపతులు కాపురం చేసిందీ, బిడ్డ పుట్టిందీ ఇంగ్లండులో. కుటుంబానికి అత్యంత దగ్గరి సంబంధమున్న దేశపు కోర్టుకే అధికారమని చెప్పి, బిడ్డను తల్లికి అప్పగించారు.

*దిన్షా కేసు (1986):* అమెరికాలోని మిషిగన్ కోర్టు తల్లికిచ్చిన బిడ్డను తండ్రి పుణెకు తెచ్చాడు. తల్లి వెంటనే కదిలింది. అదే ఏడాది సుప్రీంకోర్టు బిడ్డను ఆమెకు అప్పగించింది.

*ధన్వంతి కేసు (1997):* 35 రోజుల పసిబిడ్డతో తల్లి భారత్‌కు వచ్చింది. కేసు తేలేనాటికి బిడ్డకు 12 ఏళ్లు దాటాయి. తీర్పు రాసిన జస్టిస్ ఎం. జగన్నాథరావు, విదేశీ కోర్టు ఉత్తర్వు పరిగణించాల్సిన అంశాల్లో ఒకటి మాత్రమేనని, సంక్షేమమే నిర్ణాయకమని చెప్పారు. బిడ్డ తల్లి దగ్గరే ఉండిపోయాడు.

*రవిచంద్రన్ కేసు (2009):* కోర్టు రెండు దారుల్లో ఏదైనా ఎంచుకోవచ్చు. సంక్షిప్త విచారణ జరిపి బిడ్డను వెనక్కి పంపవచ్చు, లేదా సమగ్ర విచారణ జరిపి మంచిచెడ్డలు తేల్చవచ్చు.

*రాఘవన్ కేసు (2017):* ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు. విదేశీ ఉత్తర్వు ముందుగా వచ్చిందన్న కారణంతోనే బిడ్డను పంపాల్సిన పనిలేదని, కోర్టుల పరస్పర గౌరవం కన్నా సంక్షేమానిదే పైచేయి అని స్పష్టం చేసింది. పరీక్షల్లో ఎక్కువ ప్రాధాన్యమున్నది దీనికే.

తెలుగు కుటుంబాల కేసులు

*బండి కేసు (2013):* అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర కోర్టు ఉత్తర్వులను కాదని తల్లి బిడ్డను ఇక్కడికి తెచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు బిడ్డను తిరిగి పంపాలంది. సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని నిలబెట్టింది.

*శాఖమూరి కేసు (2019):* మన ఉదాహరణకు అతి దగ్గరిది. అమెరికాలో పుట్టిన ఇద్దరు పిల్లలతో తల్లి 2017లో హైదరాబాద్ వచ్చింది. అంతకుముందే ఆమె పెన్సిల్వేనియా కోర్టును ఆశ్రయించి ఉంది. వచ్చాక హైదరాబాద్ ఫ్యామిలీ కోర్టులో సంరక్షణ పిటిషన్ వేసింది. పిల్లలు ‘సాధారణంగా నివసించేది’ ఇక్కడ కాదు కాబట్టి ఆ కోర్టుకు అధికారం లేదని హైకోర్టు తేల్చింది. 2019 మార్చి 15న సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. కొద్దికాలం వచ్చి ఉన్నంత మాత్రాన ఆ చోటు ‘సాధారణ నివాసం’ కాదన్నది ఇందులో గుర్తుంచుకోవాల్సిన సూత్రం.

ఈ తీర్పు రాఘవన్ తీర్పుకు విరుద్ధం కాదు. సంక్షేమ సూత్రాన్ని అలాగే ఉంచి, ఆ పిల్లల వాస్తవాలకు దాన్ని అన్వయించింది.

బారిస్టర్ పని ఎలా ఉంటుంది?

బారిస్టర్ అనగానే మనకు గుర్తొచ్చేది టంగుటూరి ప్రకాశం. లండన్‌లో చదివి 1907లో తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో పేరు తెచ్చుకున్నారు. 1961 అడ్వకేట్స్ చట్టం తర్వాత మన దేశంలో వాదించేవారందరూ అడ్వకేట్లే. ఇంగ్లండులో ఇప్పటికీ బారిస్టర్, సొలిసిటర్ వేర్వేరు. బారిస్టర్ కావాలంటే న్యాయవిద్య, బార్ శిక్షణ పూర్తిచేయాలి. లింకన్స్ ఇన్, ఇన్నర్ టెంపుల్, మిడిల్ టెంపుల్, గ్రేస్ ఇన్ అనే నాలుగు ఇన్‌లలో ఒకదానిలో చేరాలి. ఆ తర్వాత ఒక ఛాంబర్స్‌లో ఏడాదిపాటు ప్యూపిలేజ్ (సీనియర్ బారిస్టర్ దగ్గర శిక్షణ) చేయాలి.

అక్కడ హేగ్ కేసులు హైకోర్టు ఫ్యామిలీ డివిజన్‌కు వస్తాయి. భారత్ ఒప్పందంలో లేనందున మన దేశానికి తెచ్చిన పిల్లల విషయంలో అక్కడి కోర్టు తన స్వతఃసిద్ధ అధికారంతో బిడ్డను తన సంరక్షణలోకి తీసుకుంటుంది. ఆ ఉత్తర్వు పట్టుకుని ఇక్కడి హైకోర్టుకు రావాలి. ఇంగ్లండు బారిస్టరుకు భారత న్యాయవాది సాయం తప్పనిసరి అయ్యేది ఇక్కడే. భారత చట్టంపై నిపుణ అభిప్రాయం రాయడం, రెండు దేశాల్లోనూ ఒకేలాంటి ఉత్తర్వులు తెప్పించడం, తిరిగి వెళ్లే తల్లికి ఇల్లు, ఖర్చులు, అరెస్టు చేయబోమన్న హామీ రాయించడం న్యాయవాదుల రోజువారీ పనే. రాజీ కుదర్చడం అన్నిటికన్నా పెద్ద పని.

గోదావరిఖని నుంచి దారి

ఇంటర్ తర్వాత ఐదేళ్ల లా, డిగ్రీ తర్వాత మూడేళ్ల లా. తెలంగాణ లాసెట్ రాస్తే ఉస్మానియా, కాకతీయ విశ్వవిద్యాలయాల లా కాలేజీలు, క్లాట్ రాస్తే హైదరాబాద్‌లోని నల్సార్ ఉన్నాయి. తర్వాత రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో నమోదై, అఖిల భారత బార్ పరీక్ష నెగ్గాలి. నమోదు రుసుము చట్టంలో రాసిన 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు మించకూడదని 2024లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కార్మికుల ఇళ్ల పిల్లలకు ఇది ఎంతో ఊరట.

ఈ శాఖలో రాణించాలంటే ఇంగ్లిషు చక్కగా రాయగలగాలి. ఏడుస్తున్న తల్లి మాటనూ, కోపంలో ఉన్న తండ్రి మాటనూ తెలుగులో ఓపిగ్గా వినగలగాలి. అమ్మమ్మ ఒడిలో పెరిగే బిడ్డ ఎలా ఉంటుందో విదేశీ న్యాయమూర్తికి వివరించగలవాడు మన ఊరి నుంచి వెళ్లిన న్యాయవాదే.

మాదిరి ప్రశ్నలు

1. హేగ్ ఒప్పందంలో భారత్ చేరడంపై అనుకూల, ప్రతికూల వాదనలను పరిశీలించండి.
2. ‘విదేశీ కోర్టు ఉత్తర్వు ఒక అంశం మాత్రమే, సంక్షేమమే నిర్ణాయకం’ అనే సూత్రాన్ని తీర్పుల ఆధారంగా చర్చించండి.
3. 1890 చట్టంలోని సెక్షన్ 9 పరిధిని శాఖమూరి కేసుతో వివరించండి.

యైటింక్లైన్ కాలనీ పాప విషయంలో జవాబు

పాప వచ్చి మూడు నెలలైంది. అమెరికాలో బడికి వెళ్లేది, ఇక్కడ ఇంకా చేరలేదు. అప్పుడు సెక్షన్ 9 కింద ఇక్కడి కోర్టుకు అధికారం లేదనే వాదన బలంగా ఉంటుంది. తండ్రి హైకోర్టులో రిట్ వేస్తే సంక్షిప్త విచారణతో వెనక్కి పంపే అవకాశం ఎక్కువ. తల్లిపై హింసకు ఆధారాలుంటే, వెళితే పాపకు ప్రమాదమని తేలితే, లోతైన విచారణ కోరవచ్చు. వాటిని మొదటిరోజే కోర్టు ముందుంచాలి.

పాప పసిగుడ్డుగా వచ్చి, ఇక్కడే బడిలో చేరి, ఐదారేళ్లు గడిచి ఉంటే జవాబు మారుతుంది. అప్పటికి ఆమె భాష, స్నేహితులు, ప్రపంచం అన్నీ గోదావరిఖనివే.

చట్టం అదే, తల్లిదండ్రులు వాళ్లే. మారింది కాలం. వాయిదా పడిన ప్రతి ఏడాదీ ఆ పాప ఒక తరగతి ముందుకు జరుగుతుంది, ఒక భాష మరిచి ఇంకో భాష నేర్చుకుంటుంది. ఈ కేసుల్లో ఆలస్యం కూడా ఒక తీర్పే, అదీ ఎవరూ వాదించకుండా, ఏ న్యాయమూర్తీ రాయకుండా వచ్చే తీర్పు. పరీక్ష రాసేవారు ఈ ఒక్కమాట గుర్తుంచుకుంటే జవాబు నిలబడుతుంది. నల్లకోటు వేసుకునేవారు గుర్తుంచుకుంటే ఒక బిడ్డ బాల్యం కోర్టు వరండాల్లో కరిగిపోకుండా మిగులుతుంది.