కత్రన్ ముక్కలతో బల్లపై పట్టీ

హాస్టల్‌కు వచ్చిన మొదటి రోజున మాలో చాలామంది ట్రంకు పెట్టెల అడుగున ఒక బొంత ఉండేది. పాత చీరలను పొరలుగా పరచి అమ్మో, నాయనమ్మో చేత్తో కుట్టినది. తోటివాళ్లు నవ్వుతారని దాన్ని బయటకు తీసేవాళ్లం కాదు. ఈసారి వార్షికోత్సవ వేదికపై బల్లకు ఆ పద్ధతిలోనే ఒక పట్టీ కుట్టాలనుకున్నాం. బల్ల మధ్యగా పొడవునా పరిచే ఈ సన్నని గుడ్డనే టేబుల్ రన్నర్ అంటారు.

ముక్కల కోసం పాతబస్తీలోనే తిరిగాం. మదీనా నుంచి చార్మినార్ వైపు నడిస్తే పత్తర్‌గట్టి రాతి కమానుల కింద అన్నీ బట్టల కొట్లే. చుట్టుపక్కల గల్లీల్లోని దర్జీలు కత్తిరించగా మిగిలిన పీలికలను కత్రన్ అంటారు. అడిగితే ఒక సంచి నిండా ఇచ్చారు. తళతళలాడే శాటిన్ చూడగానే ఆశ పడ్డాం గానీ అది సూది కింద జారిపోతుంది. నూలు ముక్కలే ఏరుకోండి. ప్రతి ముక్కనూ తడిపి తెల్లగుడ్డపై రుద్ది చూడండి. ఎరుపు రంగు దిగితే పక్కన పెట్టేయండి.

దీనికి ముందుగా గీసుకునే నమూనా ఉండదు. 2 నుంచి 6 అంగుళాల వరకు వెడల్పు, పద్నాలుగున్నర అంగుళాల పొడవు ఉన్న పట్టీలు కత్తిరించి, నేల మీద పరచి, ముదురు రంగు పక్కన లేత రంగు వచ్చేలా మార్చి మార్చి చూడాలి. రెండు పట్టీలను ముఖాముఖీ పెట్టి పావు అంగుళం లోపలికి కుట్టి, ఇస్త్రీ చేయాలి.

లెక్కల్లో మంచి మార్కులు వచ్చిన మేమే ఇక్కడ తప్పాం! మా బల్ల 72 అంగుళాలు, రెండు వైపులా ఆరేసి అంగుళాలు వేలాడాలి. మొత్తం 84 వచ్చేలా 21 పట్టీలు తీసుకున్నాం. 20 అతుకులు ఒక్కొక్కటి అరంగుళం చొప్పున 10 అంగుళాలు మింగేశాయి. చేతిలో మిగిలింది 74. సంచి చూస్తే ఖాళీ.

అప్పుడు మాలో ఒకడు ట్రంకు తెరిచి బొంత తీశాడు. దాన్ని కోయలేదు. చిరిగితే మాసిక వేయమని అమ్మ మడిచి పెట్టిన ఆకుపచ్చ చీర ముక్కను ఇచ్చాడు. 4 అంగుళాల పట్టీలు మూడు వచ్చాయి. ఎనభై నాలుగున్నర అయింది. అంచులు కుట్టాక సరిగ్గా 84.

తర్వాత పాత ధోవతి పరచి, దాని మీద పట్టీని ముఖం పైకి, ఆ పైన అస్తరును ముఖం కిందికి వేయాలి. చుట్టూ కుట్టి, బెత్తెడు సందు వదిలి, అందులోంచి తిరగేయాలి. సందు మూసి, మధ్య నుంచి అంచులకు చేత్తో పరుగు కుట్లు వేయాలి. మా కుట్లు వంకరగానే వచ్చాయి, విప్పలేదు.

కర్ణాటకలోని సిద్దీ స్త్రీలు కావండి అనే బొంతను అంచు నుంచి మొదలుపెట్టి మధ్యకు కుట్టుకొస్తారు. అమెరికాలోని అలబామాలో గీస్ బెండ్ అనే పల్లెలో, బానిసలుగా బతికినవారి సంతతి స్త్రీలు పాత పని బట్టలతో కుట్టిన బొంతలను 2002లో పెద్ద మ్యూజియాల్లో ప్రదర్శించారు. 2006లో వాటి బొమ్మలతో తపాలా బిళ్లలు వచ్చాయి.

సభ రోజున ఆకుపచ్చ కొసను ఎటువైపు వేయాలని వాడినే అడిగాం. అతిథుల వైపు వేయమన్నాడు. పట్టీని చన్నీళ్లలో విడిగా ఉతికి, నీడన ఆరేయండి.