తీర్పు కూడా మారుతుంది

సుప్రీంకోర్టు చెప్పిందంటే ఇక తిరుగులేదని డిగ్రీలో అనుకునేవాళ్ళం. కానీ అమెరికాలో నల్లవారికి వేరే రైలుపెట్టె తప్పు కాదని 1896లో ప్లెసీ కేసులో చెప్పిన కోర్టే, వేరే బడి రాజ్యాంగ విరుద్ధమని 1954లో బ్రౌన్ కేసులో తీర్పిచ్చింది. మధ్యలో 58 ఏళ్ళు!

మనకూ అలాంటిదే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2000లో చట్టం చేసి, ఎస్సీల 15 శాతాన్ని ఎ, బి, సి, డి గ్రూపులకు 1, 7, 6, 1 చొప్పున పంచింది. ఎస్సీలంతా ఒకే వర్గమంటూ 2004 నవంబరు 5న చిన్నయ్య కేసులో ఐదుగురు న్యాయమూర్తులు దాన్ని కొట్టేశారు. 2024 ఆగస్టు 1న ఏడుగురి ధర్మాసనం 6–1తో ఆ తీర్పును పక్కనపెట్టి, వర్గీకరణ చెల్లుతుందన్నది.

ఈపూరు హాస్టల్లో ఒకే ట్రంకుపెట్టె మీద పుస్తకాలు పెట్టుకుని చదివిన మేము, ఆ సాయంత్రం ఫోన్లలో గట్టిగా వాదించుకున్నాం. కొన్నాళ్ళు మాటల్లేవు. అప్పటికి మాలో ఒక్కరమూ ఆ తీర్పు చదవలేదు.